మేఘకేతు బతికే ఉన్నాడు

"సముద్ర సేనాని మేఘకేతు రెండవ సీజన్‌లోనే మరణించినట్లు కొన్ని దుష్టశక్తులు చేస్తున్న ప్రచారం పూర్తిగా నిరాధారమని, సదరు సేనాని సంపూర్ణ ఆరోగ్యంతో ఉన్నారని, ప్రజలెవరూ ఆందోళన చెందనవసరం లేదని తీర సంక్షేమ మంత్రి పేషీ ఇందుమూలంగా తెలియజేస్తున్నది."

గత నెల పుదుచ్చేరి పత్రికలన్నిటికీ వెళ్లిన ఈ ప్రకటన రాసింది నేనే. కనక భాషలో తప్పులుంటే నావి. భావం మంత్రిగారిది.

మేఘకేతు ఎవరో తెలియని పాఠకులు ఒకరిద్దరు ఉండవచ్చు. 'ఉప్పు సింహాసనం' అనే వెబ్ సిరీస్‌లో ఆయన సేనాధిపతి. జుట్టు నడుము దాకా ఉంటుంది. ఛాతీ మీద మూడు కత్తిగాట్లుంటాయి. చొక్కా ఉండదు. ఆయన క్షేమసమాచారాలతో ఒక ప్రభుత్వ శాఖకు ఏం పని అని అడిగేవారు మా ఊరికి కొత్తవారై ఉండాలి.

మా ఊళ్లో నాయకుడి పుట్టినరోజుకు ఫ్లెక్సీలు కడతారు. ఫ్లెక్సీలో తల నాయకుడిదే ఉంటుంది. ఒళ్లు మాత్రం ఆ ఏడాది జనం ఎవరిని ఇష్టపడితే వాళ్లది. మంత్రి ఆర్. విజయరంగన్ గారి అరవయ్యో పుట్టినరోజుకు పార్టీ కార్యకర్త కుప్పుస్వామి ఆయన తలను మేఘకేతు మెడ మీద అతికించి, బీచ్ రోడ్డు నుంచి గోరిమేడు దాకా నూట ఎనిమిది ఫ్లెక్సీలు కట్టించాడు. ఆ తల కూడా పాతికేళ్ల కిందటిది. మంత్రిగారికి షుగరు ఉంది, మోకాళ్ల నొప్పులున్నాయి, తల మీద జుట్టు లేదు. అయినా ఊరు ఆ ఛాతీని ఆయనదిగానే అంగీకరించింది. మా శాస్త్రంలో దీన్ని తాదాత్మ్యం అంటారు. కుప్పుస్వామి దీన్ని పబ్లిసిటీ అంటాడు. ఇద్దరి పరిశీలనా ఒకటే.

నా శాస్త్రం మనస్తత్వశాస్త్రం. యానాం నుంచి వచ్చి ఇక్కడి కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి. గోరిమేడులో ఒక గదిలో ఒక్కణ్ణే ఉంటాను. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడననే మంచి పేరు వల్ల నన్ను మంత్రిగారి పేషీకి డెప్యుటేషన్ మీద పంపారు. నా హోదా ప్రజాభిప్రాయ విశ్లేషకుడు. మంత్రిగారి గది బయట, పాత ఫ్రెంచి బంగళా వరండాలో నాకో బల్ల ఇచ్చారు. ఎదురుగా ప్రజల కోసం ఒక బెంచీ. ప్రజలకు కేటాయించిన రోజు సోమవారం.

సోమవారం ఆ బెంచీ మీద మంగళం గారు కూర్చునేవారు. పిళ్ళైచావడిలో సముద్రం ఒడ్డున ఆమెకు ఇల్లూ, ఎనిమిది కొబ్బరిచెట్లూ ఉండేవి. ఇప్పుడు ఇల్లుంది. తమ వీధి పదకొండిళ్ల ముందు బండరాళ్లు పోయించి అలలను ఆపమని ఆమె అర్జీ. పదకొండు నెలలుగా ఆ ఫైలు మంత్రిగారి సంతకం కోసం ఉంది. ఎవరి సిఫార్సూ లేని ఫైళ్ల కట్టలో అది చాలా మర్యాదగా, అన్నిటికంటే కింద ఉంది.

"ఇప్పుడెంత దూరంలో ఉందమ్మా?" అని అడిగేవాణ్ణి.

"వంటింటి గడప కాడ్నించి పద్నాలుగు అడుగులు సామీ. పోయిన వారం పదహారు. వానాకాలం వచ్చిందంటే అడిగే పని ఉండదు, అదే లోపలికొస్తాది." ఆ పైన అడిగేవారు. "మంత్రిగారు ఉండారా?"

"వస్తారు, కూర్చోండి," అనేవాడు పి.ఎ. దినకరన్. ఆయన ఎవరికైనా ఆ మాటే అంత ఆదరంగా చెబుతాడు.

అటువంటి ప్రశాంతమైన పాలనలో ఒకనాడు ఒక వీడియో వచ్చింది. పిళ్ళైచావడి పక్కనే ఉన్న యూనివర్సిటీలో చదివే జనని అనే అమ్మాయి చేసింది. నలభై ఏడు నిమిషాలు. సారాంశం ఇది. రెండో సీజన్ చివర మేఘకేతు కోటగోడ మీంచి పడ్డాడు. మళ్లీ లేచాడు, అప్పట్నుంచి ఒంటి మీది కవచం విప్పలేదు. కానీ లేచింది మేఘకేతు కాదు, ఆయన కవచం మాత్రమే. లోపల ఎవరూ లేరు. రాజగురువు దాన్ని ఆడిస్తున్నాడు. ఇక రాబోయే ఆఖరి ఎపిసోడ్‌లో ఆ ఖాళీ కవచం సముద్రద్వారం తెరిచి తన ఊరినే ముంచేస్తుంది.

వారం తిరిగేసరికి నాలుగు లక్షల మంది చూశారు. బీచ్ రోడ్డు ఫ్లెక్సీ కింద ఎవరో సున్నంతో 'లోపల ఎవరూ లేరు' అని రాశారు.

మంత్రిగారు నన్ను లోపలికి పిలిపించారు. కుప్పుస్వామి అప్పటికే నిలబడి ఉన్నాడు.

"ఏందయ్యా లెక్చరరూ ఇది? నేను సచ్చిపోయినానా?"

"మీరు కాదు సార్. మేఘకేతు."

"రెండూ ఒకటే కదా," అన్నాడు కుప్పుస్వామి. "నూటెనిమిది ఫ్లెక్సీలు కట్టినాక వేరే వేరే అంటే జనం నమ్ముతారా తలైవరే? ఆ పిల్ల మీద కేసు పెడదాం."

"ఏమని పెడతావురా?"

"హత్యాయత్నం."

మంత్రిగారు ఆలోచించారు. ఆయన ఆలోచించేటప్పుడు దినకరన్ వైపు చూస్తారు. దినకరన్ తల అడ్డంగా ఊపాడు.

"కేసొద్దు," అన్నారు మంత్రిగారు. "నేను ప్రజాస్వామ్యవాదిని. మేఘకేతు బతికుండాడని మనం రుజువు చెయ్యాల. లెక్చరరూ, నువ్వా పిల్ల కాడికి పో. ఏం రుజువు కావాల్నో కనుక్కోనిరా."

ప్రజాభిప్రాయాన్ని ఇంత గౌరవించే నాయకుణ్ణి నేను మరొకర్ని చూడలేదు. అదే రోజు ప్రకటన రాశాను. మర్నాడు యూనివర్సిటీకి వెళ్లాను.

జనని క్యాంటీన్‌లో సాంబారు ఇడ్లీ తింటోంది. ప్రభుత్వం తరఫున వచ్చానంటే ఆశ్చర్యపోలేదు.

"మీరు ఎన్నో సీజన్ దాకా చూసినారు సార్?"

"నేను చూడలేదమ్మా. నివేదిక మాత్రం రాయాలి."

"అయితే రాసుకోండి. ఆ గోడ మీంచి పడినాక ఇరవై రెండు ఎపిసోడ్లు. ఒక్కదాంట్లో అయినా ఆయన తలుపు తనే తీసుకున్నాడా? లేదు, ఎవురో తీస్తారు. అన్నం తిన్నాడా? ముందర పెడతారు, సీన్ కట్ అయిపోతాది. ఎవురన్నా ప్రశ్న అడిగితే ఆయన నోరు తెరుస్తాడు, జవాబు రాజగురువు చెప్తాడు. ఆజ్ఞాపత్రాల మీద ముద్ర కూడా రాజగురువే వేస్తాడు."

"బతికున్నాడని నమ్మాలంటే నీకేం కావాలి?"

"సొంత చేత్తో ఒక్క పని. చిన్నదైనా ఫరవాలే." ఇడ్లీ తుంచి మళ్లీ అంది. "నాకూ ఆయన బతకాలనే ఉంది సార్. చిన్నప్పట్నించి చూస్తా ఉండా. అందుకే కదా ఇంత వెతికింది."

నివేదిక మంత్రిగారికి చదివి వినిపించాను. మొదటి ఆధారం తలుపు. దినకరన్ తలుపు తెరిచి కాఫీ తెప్పించాడు. రెండోది భోజనం. మంత్రిగారి కాఫీ షుగరు కారణంగా దినకరన్ తాగాడు. మూడోది ప్రశ్నలూ జవాబులూ. చదవడం ఆపి, "దీనికి మీరేమంటారు సార్?" అని అడిగాను.

"మంత్రిగారు దీన్ని తీవ్రంగా ఖండిస్తున్నారు," అన్నాడు దినకరన్.

మంత్రిగారు తన కుడిచేతిని బల్ల మీద పెట్టి, ఎవరో మరచిపోయి వెళ్లిన వస్తువును చూసినట్లు చూశారు. మనసు తనను తాను ఎక్కడ పట్టుకుంటుందో చెప్పడానికి మా శాస్త్రంలో చాలా పుస్తకాలున్నాయి. ఆ క్షణంలో నాకు ఒక్కటీ గుర్తు రాలేదు.

ఆయన లేచి తలుపు దగ్గరికి నడిచారు. దినకరన్ పరుగెత్తబోతే చెయ్యి అడ్డం పెట్టారు. తలుపును బలంగా తోశారు. అది రాలేదు. మళ్లీ తోశారు.

"లోపలికి లాగాల తలైవరే," అన్నాడు కుప్పుస్వామి.

మంత్రిగారు లాగారు. తలుపు తెరుచుకుంది. కుప్పుస్వామి చప్పట్లు కొట్టాడు. బయట బెంచీ ఖాళీగా ఉంది, ఆ రోజు సోమవారం కాదు కనక.

"లెక్చరరూ," అన్నారు వెనక్కి వచ్చి, కొంచెం ఆయాసపడుతూ. "అన్నిటికంటే అడుగున ఉండే ఫైలు ఏది?"

"మంగళం గారిది సార్. పిళ్ళైచావడి రాళ్ల ఫైలు."

"తీసుకోనిరా. నేను సంతకం పెడతా."

దినకరన్ నవ్వుతూ, "మీకెందుకయ్యా శ్రమ, నేను చూసుకుంటా కదా," అన్నాడు.

"శ్రమే పడతా."

ఆయన జేబులోని బంగారు పెన్ను రాయలేదు. అందులో ఇంకు ఎండిపోయి ఎన్నేళ్లయిందో తెలియదు. నా బాల్ పెన్ను ఇచ్చాను. మంత్రిగారు ఫైలులోని ఆరు కాగితాలూ చదివారు. మంగళం గారి ఇంటి ఫొటో దగ్గర ఆగి, "ఇంత దగ్గరికొచ్చేసిందా సముద్రం," అన్నారు. తర్వాత సంతకం పెట్టారు. అక్షరాలు పెద్దవిగా, విడివిడిగా, వరుసలో నిలబడిన బడిపిల్లల్లా ఉన్నాయి. కుప్పుస్వామి పూలమాల తెప్పించి వేశాడు. ఫొటో తీశారు. మంత్రిగారు ఆ సాయంత్రం తన కాఫీ తనే తాగారని విన్నాను.

శుక్రవారం ఆ ఫైలు సెక్షనుకు వెళ్లింది.

ఆదివారం ఉదయం పది గంటలకు ఆఖరి ఎపిసోడ్ విడుదలైంది. వైట్ టౌన్‌లో ఒక హాలు తీసుకుని పెద్ద తెర కట్టారు. మంత్రిగారు ముందు వరసలో కూర్చున్నారు. జననిని కూడా పిలిపించి గౌరవంగా ఆయన వెనక సీటు ఇచ్చారు. గంటా పది నిమిషాల పాటు రాజగురువు మేఘకేతును నడిపించాడు, తిప్పాడు, సముద్రద్వారం దగ్గరికి తీసుకెళ్లాడు. మేఘకేతు గొలుసు మీద చెయ్యి వేశాడు.

మేఘకేతు వెనక్కి తిరిగి రాజగురువును ఎత్తి సముద్రంలోకి విసిరేశాడు. ద్వారాన్ని తన భుజంతో మూశాడు. ఆ తర్వాత ఒక జాలరి ముసలమ్మ గుడిసె ముందు కూర్చుని, ఆమె పెట్టిన చేపల కూరతో అన్నం కలుపుకుని, నాలుగు నిమిషాల సేపు తిన్నాడు. సీన్ కట్ కాలేదు.

జనం కుర్చీలెక్కారు. జనని ఏడుస్తూ నవ్వింది. "నేను తప్పు సార్, నేనే తప్పు," అంది అందరికంటే సంతోషంగా. మంత్రిగారు కళ్లు తుడుచుకున్నారు. ఆ కర్చీఫు కూడా ఆయనే జేబులోంచి తీసుకున్నారని చరిత్ర కోసం నమోదు చేస్తున్నాను.

"నేను చెప్పలా?" అన్నారు. "బతికే ఉండాడు."

సోమవారం పదకొండు గంటలకు ఫైలు తిరిగి వచ్చింది. సెక్షన్ సూపరింటెండెంట్ మహాలక్ష్మి గారు స్వయంగా తెచ్చారు. చాలా నిజాయితీ గల ఉద్యోగి. దొంగ సంతకాలను అరికట్టడానికి మంత్రిగారి పేరున రెండేళ్ల కింద ఒక ఆర్డరు వచ్చింది. ప్రతి సంతకాన్నీ నమూనా రిజిస్టరుతో పోల్చి చూడాలని. ఆమె ఆ ఆర్డరును అక్షరాలా పాటిస్తారు.

"మంత్రిగారి సంతకం సరిపోలా సార్," అన్నారు దినకరన్‌తో. "పోలికే లేదు. ఎవురో దొంగ సంతకం పెట్టినారు. పోలీసుకి రాయమంటారా?"

మంత్రిగారు తన కుర్చీలోనే ఉన్నారు. "నేనే పెట్టినానమ్మా," అన్నారు.

మహాలక్ష్మి గారు ఆయనకు నమస్కారం చేశారు. "మీరు పెట్టుండొచ్చు అయ్యా. నేను కాదనలా. అయితే మంత్రిగారి సంతకం ఇది కాదు కదా."

రిజిస్టరు తెరిచి చూపించారు. పేజీకి ఆరు నమూనాలు. అన్నీ ఒకే వాటంలో, అలలాగా కుడివైపుకి ఒరిగి, చివర రెండు చుక్కలతో చాలా అందంగా ఉన్నాయి. దినకరన్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"ఫొటో ఉండాదమ్మా," అన్నాడు కుప్పుస్వామి. "తలైవరు సంతకం పెడతా ఉండే ఫొటో. పేపర్లోనే వచ్చింది."

"మంత్రిగారి ఫొటోల్లో ఒళ్లు వేరేవాళ్లది ఉంటాది కదన్నా," అన్నారామె. "ఫొటో రుజువు కింద ఎట్ల తీసుకునేది?"

వరండాలో మంగళం గారు వచ్చి కూర్చున్నారు. తెరిచిన తలుపులోంచి ఆమె సముద్రం ఎన్నడుగుల్లో ఉందో నాకు చేతివేళ్లతో చూపించారు. ఆరు. మంత్రిగారు ఆ వేళ్లను చూశారు. ఫైలును బల్ల మీద నెమ్మదిగా దినకరన్ వైపు జరిపారు.

దినకరన్ పెన్ను తీశాడు. నాలుగు సెకండ్లు పట్టింది. మహాలక్ష్మి గారు రిజిస్టరుతో పోల్చి చూసి, తృప్తిగా తల ఊపి, ఫైలు తీసుకెళ్లారు. గురువారానికి రాళ్ల లారీలు వస్తాయని పావుగంటలో కబురొచ్చింది.

మంత్రిగారు సొరుగులోంచి ఒక తెల్లకాగితం తీశారు.

"దినకరా, ఇంకొక తూరి పెట్టు. నిదానంగా. నేను చూస్తా."

దినకరన్ పెట్టి చూపించాడు. మంత్రిగారు దాని కింద పెట్టి చూశారు. ఒరుగు సరిగా రాలేదు. మళ్లీ పెట్టారు. రెండు చుక్కలు ఎక్కువ దూరంగా పడ్డాయి. నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని మూడోసారి మొదలుపెట్టారు.

కబురు విన్న మంగళం గారు లోపలికి వచ్చి దినకరన్‌కు రెండు చేతులూ ఎత్తి మొక్కారు. తర్వాత బల్ల దగ్గర వంగి కాపీ రాసుకుంటున్న బట్టతల పెద్దాయన్ని కాసేపు చూశారు. ఆయన అంత శ్రద్ధగా ఉన్నారు కనక గొంతు తగ్గించి నన్ను అడిగారు.

"మంత్రిగారికి కూడా ఒక దండం పెట్టి పోతా సామీ. ఈ పొద్దన్నా వస్తారా?"

నేను దినకరన్ వైపు చూశాను. ఆయన పెన్ను మూత పెట్టుకుంటున్నాడు.

"వస్తాడమ్మా," అన్నారు పెద్దాయన, కాగితం మీంచి తల ఎత్తకుండా. "అట్ల కూచో."

ఆమె వెళ్లి బెంచీ మీద కూర్చున్నారు.