ల్యాబ్ ఫ్రిజ్‌లో గోంగూర

సోమవారం పొద్దున నిస్సీ ప్లాన్ చాలా సులువైనది. నాచారం ల్యాబ్ ఫ్రిజ్‌లో దాచిన గోంగూర తీయాలి, డీఎన్ఏ లాగాలి, ట్రయల్ మీద వచ్చిన కొత్త మిషన్‌కి ఎక్కించాలి. ఆకును పచ్చగా ఉంచే హరితరేణువుల డీఎన్ఏని పాత మిషన్ చిన్న చిన్న ముక్కలుగా చదివి అతికించేది. కొత్తది పొడుగు పోగుల్ని తెగకుండా చదువుతుంది. అది పాసైతే మిషన్ ఉంటుంది. మిషన్ ఉంటేనే నిస్సీ ఉద్యోగం ఉంటుంది.

ప్లాన్‌లో లేని మనిషి డైరెక్టర్ నరసింహమూర్తి. గోంగూర తెమ్మని భార్య శ్యామలాదేవి చెప్పిన మాట శనివారం సాయంత్రం ఆయనకు ఆ ఫ్రిజ్ తెరిచాకే గుర్తొచ్చింది. కవర్లో శుభ్రంగా తుంచిన ఆకులు! ఒలిచే పని కూడా లేదు. సగం ఇంటికి పట్టుకెళ్లి, సోమవారం పొద్దున్నే ఉప్పల్‌లో ఒక కట్ట కొని, ఆకులు తుంచి కవరు నింపేశాడు. గోంగూర తీసి గోంగూరే పెట్టాడు కాబట్టి పెద్దమనిషి ఆ సంగతే మర్చిపోయాడు.

బుధవారం ఫలితం వచ్చింది. పాత మిషన్ ఒకటే మొక్క అంది. కొత్తది రెండంది.

"రెండేంటమ్మా? గోంగూర గోంగూరే కదా!"

"నాకూ సమజైతలేదు సార్. నారపల్లిల ఒక్క చెట్టుకే తెంపిన. మల్ల నడిపిన, మల్ల రెండే అంటుంది."

"ఒకటి రెండుగా కనిపిస్తే మిషన్ కొనరమ్మా, కళ్లద్దాలు కొంటారు."

ఎవరి టిఫిన్ బాక్సులోంచో ఆకు పడి ఉంటుందని ఆయనకు అనుమానమొచ్చింది. బాక్సులు నిషేధించాడు. మర్నాడు మధ్యాహ్నం ల్యాబంతా రోడ్డు మీద నిలబడి మిర్చి బజ్జీలు తింది. నిస్సీ గ్లౌజులు మార్చింది, బల్లలు కడిగింది, మూడోసారి నడిపింది. మళ్లీ రెండే.

శుక్రవారం మిషన్‌ను తీసుకుపోవడానికి వ్యాన్ వచ్చింది. నిస్సీకి ఏడుపొక్కటే తక్కువ. నరసింహమూర్తి వాపసు కాగితం మీద సంతకం పెట్టబోతుంటే ఫోన్ మోగింది. పెన్ను వదలకుండా స్పీకర్ నొక్కాడు.

"ఏవండీ, మొన్న మీ ల్యాబ్ ఫ్రిజ్‌లోంచి తెచ్చారే, ఆ ఎర్రగోంగూర భలే పులుపండీ! దాని బదులు ఉప్పల్‌లో కొని, మిగిలింది నాకిచ్చారు చూడండి, అది తెల్లగోంగూర. పచ్చడి చప్పగా ఏడ్చింది. రెండూ ఒకటే అనుకున్నారా?"

నిస్సీ ఫోన్ వైపు తిరిగింది. వ్యాన్ డ్రైవర్ కూడా ఫోన్ వైపే చూస్తున్నాడు.

"సార్," అంది నిస్సీ మెల్లగా, "మిషన్‌కు కళ్లద్దాలు అక్కర్లేదు గావొచ్చు."

వ్యాన్ ఖాళీగా వెళ్లింది. రెండు రకాల గోంగూరనూ కొత్త మిషన్ సరిగ్గా పట్టుకుందని నరసింహమూర్తి రిపోర్టులో రాశాడు. దొంగను పట్టుకున్న శ్యామలాదేవి పేరు మాత్రం రాయలేదు.