సందు లేని బాట

తోటలో సిమెంటు పోయించని మనిషికి సుఖమంటే ఏమిటో తెలియదు!

మా తోటలో బాట చూడండి. గేటు నుంచి వంటింటి మెట్టు దాకా ఒకటే పలక. చీమ దూరే సందు లేదు. వానపాములు ముఖం చాటేశాయి. కప్పలు మకాం ఎత్తేశాయి. జామచెట్టు ఎండిపోయింది, ఆకులు ఊడ్చే పని తప్పింది. ఇంతకంటే ఏం కావాలి?

వాన పడితే మరీ సౌకర్యం! నీరు పల్లమెరుగు అంటారు. మేస్త్రీ పెట్టిన వాటానికి మా పల్లం హాలే అయింది. కాళ్ళు కడుక్కోవడానికి బయటికి పోనక్కర్లేదు. గుమ్మంలో విడిచిన చెప్పులు వాటంతటవే వంటింట్లోకి వస్తాయి.

ఈ భోగం చూసి ఓర్వలేక మా అమ్మాయి ఒక గార్డెన్ డిజైనర్ని వెంటబెట్టుకొచ్చింది. అతను బూటుకాలితో సిమెంటు తట్టి పాఠం మొదలెట్టాడు.

"కింద కంకర, పైన ఇసుక, దాని మీద బండలు. బండకీ బండకీ మధ్య వేలెడు సందు వదలాలి సార్. నీళ్ళు అక్కడే ఇంకిపోతాయి."

"ఆహా, ఏం బుర్రయ్యా నీది!" అన్నాను.

అమ్మాయి నా వంక అదోలా చూసింది. "ఈ మాటే అమ్మ చెబితే ఏమన్నావు నాన్నా?"

"గుర్తులేదు."

ఎందుకు లేదు? మా ఆవిడ ఎక్కడెక్కడి పగిలిన బండలో ఏరుకొచ్చి, చిటికెనవేలు పెట్టి సందు కొలుచుకుంటూ పరిచింది ఆ పాత బాట. "సందుంటేనే కదండీ నీళ్ళు దిగేది" అంది. "మేస్త్రీకి లేని తెలివి నీకొచ్చిందా?" అన్నాను. పదిహేనేళ్ళు హాలు తడవలేదు. ఆ సంగతి నేను పైకి అననూ లేదు.

ఆవిడ కన్నుమూసిన ఏడాది ఆ సందుల్లో కలుపు మోకాలెత్తు లేచింది. వంగి పీకడం నా పరువుకు తక్కువ కదా! బండల మీదే సిమెంటు పోయించాను.

డిజైనర్ తెచ్చిన మేస్త్రీ ఒక మూల గునపంతో పెళ్ళ లేపి చూశాడు. "కింద పాత బండలున్నాయి సార్. సిమెంటు కరుచుకుపోయింది. కొడితే అవీ పగులుతాయి, ఒక్కటీ మిగలదు."

"అయితే కొట్టొద్దు" అన్నాను.

"మరి హాలు, నాన్నా?"

"తడవనీ."

అందుకే చెబుతున్నాను, సిమెంటు మహా గొప్పది! ఇది రాస్తుండగానే వాన పట్టుకుంది. కాళ్ళు తీసి కుర్చీ మీద పెట్టుకున్నాను. తోటంతా చెరువే. మేస్త్రీ పెళ్ళ లేపిన ఆ మూల మాత్రం చుక్క నిలవడం లేదు, గుడగుడమంటూ దిగిపోతోంది.

ఎప్పుడూ అంతే ఆవిడ. ఆఖరి మాట తనదే కావాలి.