యంత్రం తెలిసిన మనిషి కావలెను

1954 వేసవిలో, రాయలసీమలో యంత్ర పరిశ్రమలు ఎందుకు పెరగడం లేదో కనిపెట్టే నిమిత్తం ఒక విచారణ సంఘం మైదుకూరు వేంచేసింది. కారణాలు పదకొండని సభ్యులు కర్నూలులో కారెక్కక ముందే తీర్మానించుకున్నందువల్ల ప్రయాణం ప్రశాంతంగా సాగింది.

మా ఊళ్లో లాల్ అహమ్మద్ గడియారాలు బాగుచేసేవాడు. పాత సామాన్లు ఏరుకొచ్చి సొంతంగా రెండు రేడియోలు చేశాడు. రెండూ చక్కగా పాడేవి. అయినా మేమెవరమూ కొనలేదు. ఎదురింటివాడు చేసిన పెట్టెలో ఢిల్లీ వార్తలు వస్తే నమ్మేదెలా? రేడియోల కార్ఖానా పెడతానని అతడు అర్జీ పెట్టాడు. ఏ దేశంలో చదివాడో రాయలేదని అది తిరిగొచ్చింది. కార్ఖానాలు లేని ఊళ్లో కార్ఖానాకు అనుమతి ఇచ్చే ఆనవాయితీ లేదని రెండో అర్జీ కూడా తిరిగొచ్చింది. మూడోది ఇప్పుడు సంఘం చేతిలో ఉంది. అందుకే అతడు రేడియోను తువ్వాల్లో చుట్టుకుని, భార్య నన్నీ బీని వెంటబెట్టుకుని, అందరికంటే ముందే సభకు వచ్చాడు.

అధ్యక్షులవారు గొంతు సవరించుకోగానే మద్రాసు నుంచి తెప్పించిన మైకు మూగబోయింది. సభ ఏర్పాటు చేసిన శేషన్న పరుగెత్తుకొచ్చాడు.

"లాల్ అహమ్మదూ, రవ్వంత సూడప్పా. శానా పెద్దోళ్లు వచ్చినారు."

లోపల తీగ తెగి ఉంది. అతికించే సామాను అంగట్లో ఉందన్నాడు లాల్ అహమ్మద్. అంతసేపు పెద్దలు ఆగలేరనీ, రెండు కొసలూ వేళ్లతో కలిపి పట్టుకుని కూర్చోమనీ శేషన్న ఆజ్ఞాపించాడు. మైకు పలికింది.

"ఈ సీమలో ఎండ ఉంది, నేల ఉంది, ఓర్పు అపారంగా ఉంది. లేనిదల్లా యంత్రం తెలిసిన మనిషి! ఒక్కడు, కనీసం ఒక్కడైనా కనిపించడేమి?" అని అధ్యక్షులవారు వాపోయారు.

మేము చప్పట్లు కొట్టాము. ఆయన కాళ్ల దగ్గర కూర్చున్న లాల్ అహమ్మద్ తలెత్తాడు.

"సార్, నేనుండా గదా ఈడ."

"తీగ! తీగ జాగ్రత్త!" అని హెచ్చరించి ఆయన ఉపన్యాసం కొనసాగించారు. స్థానికంగా నైపుణ్యం లేనందున మైదుకూరు అర్జీని తిరస్కరిస్తున్నట్టు ప్రకటించారు. ఆ మాట చివరి వరుసదాకా స్పష్టంగా వినిపించింది.

లాల్ అహమ్మద్ పక్కనున్న రేడియో మూటవైపు చూశాడు. తీగను మాత్రం వదల్లేదు. అప్పుడు ఆడవాళ్లలోంచి నన్నీ బీ లేచి నిలబడింది.

"ఇంగ చాలు. ఇడ్సిపెట్టి రాండి."

వదిలాడు. మూట చంకన పెట్టుకుని, ఎవరివైపూ చూడకుండా ఆమె వెంట నడిచిపోయాడు. వారం తిరక్కుండా ఇద్దరూ బెంగుళూరు వెళ్లిపోయారు. అక్కడ ఆ వేళ్లకు పని దొరికిందని తర్వాత విన్నాము.

ఆ రోజు అధ్యక్షులవారు మరో అరగంట మాట్లాడారు. ఒక్క ముక్కా వినపడలేదు. ఆయన పెదవులు ఆగినప్పుడల్లా మేము చప్పట్లు కొట్టాము. ఒక్కరం కూడా తప్పుచోట కొట్టలేదు.