హాజరు కోసం కరిగిన బుగ్గలు

ప్రతి ఆఫీసు గుమ్మంలోనూ మంచినీళ్ల ఫిల్టరు పక్కనే హయాలురోనిడేజ్ సీసా ఒకటి పెట్టించాలని నా డిమాండు! నవ్వకండి, నేను చాలా సీరియస్‌గా ఉన్నాను.

అదొక ఎంజైము. చర్మం కింద జిగురులా పట్టి ఉండే పొడుగాటి చక్కెర గొలుసుల్ని తుంచడం దాని పని. మీ ఒంట్లోనూ ఉంది, నా ఒంట్లోనూ ఉంది. జీతం అడగదు, సెలవు పెట్టదు. మా అక్క బుగ్గలు పొంగేదాకా దాని గొప్పతనం నాకూ తెలియలేదు.

అక్క ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో రిసెప్షనిస్టు. "ఏంటమ్మా, అలా అలిసిపోయినట్టుంటారు? రిసెప్షన్‌లో ముఖం ఫ్రెష్‌గా ఉండాలి కదా!" అని మేనేజరు రోజూ నస పెట్టేవారు. వినీ వినీ విసిగిపోయి అక్క స్కిన్ డాక్టరు దగ్గర బుగ్గల్లో ఫిల్లర్ వేయించుకుంది. ఫిల్లరంటే మరేం కాదు, ఆ జిగురు చక్కెరే. బుగ్గలు గాలి కొట్టిన బంతుల్లా నిగనిగలాడాయి. మేనేజరు మురిసిపోయారు.

మురిసిపోనిది గుమ్మంలోని హాజరు మెషీను. అది ముఖం చూసి హాజరు వేస్తుంది. అక్కని చూసి "గుర్తు తెలియని వ్యక్తి" అంది.

ఆహా, ఎంత అదృష్టం! అక్క పొద్దున్నే వెళ్లి సీట్లో కూర్చుంటుంది, ఫోన్లెత్తుతుంది, మేనేజరుకి గుడ్ మార్నింగ్ చెబుతుంది. సిస్టమ్ ప్రకారం మాత్రం ఇంట్లో ఉంది! ఒకేసారి రెండుచోట్ల ఉండే సౌకర్యం ఇన్నాళ్లూ దేవుళ్లకే కదా ఉండేది? ఆఫీసుకే రాని మనిషిని పని సరిగ్గా చేయలేదని ఎవరైనా కోప్పడగలరా? కోప్పడ్డారు, అది వేరే సంగతి. చివరికి "మీరు ఆఫీసుకి రావడం లేదు, ఇలాగైతే ఉద్యోగం ఉండదు" అన్న మెమోని మేనేజరు స్వయంగా తీసుకొచ్చి అక్క చేతికే ఇచ్చారు.

"మీ ఎదురుగానే ఉన్నాను కదండీ!"

"నాకు కనిపిస్తున్నారమ్మా. సిస్టమ్‌కి కనిపించాలి కదా!"

"అయితే నా కొత్త ఫొటో ఎక్కించండి."

"ముఖాలు మార్చుకోవడం మన రూల్స్‌లో లేదమ్మా."

ఆ ఉద్యోగం పోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు. నా కాలమ్స్ మీద మా పిల్లి కూడా బతకలేదు.

ఒంట్లో ఉన్న ఎంజైము ఆ చక్కెరని ఎలాగూ మెల్లగా కరిగిస్తుందట. మెమో అన్నాళ్లు ఆగుతుందా? అక్క మళ్లీ డాక్టరు దగ్గరికి పరిగెత్తింది.

"కరిగిస్తే నా సొంత బుగ్గలైనా మిగులుతాయా డాక్టర్?"

"మిగులుతాయమ్మా. మీ సొంత జిగురు కాస్త కరిగినా మీ ఒళ్లే మళ్లీ తయారుచేసుకుంటుంది."

హయాలురోనిడేజ్ ఇంజెక్షన్ పడింది, ఫిల్లరు నీరైపోయింది. ఇంటికొచ్చి అద్దం ముందు కూర్చుని అక్క ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. వ్యంగ్యం రాసేవాణ్ణి కదా, బయటపడలేదు.

మర్నాడు అక్క మెషీను ముందు నిలబడింది. "స్వాగతం" అంది మెషీను. హాజరు పడింది, అక్క లోపలికి అడుగుపెట్టింది. లోపల ఎదురుగా మేనేజరు. అక్కని ఎగాదిగా చూసి, "ఏంటమ్మా, మళ్లీ అలిసిపోయినట్టు కనిపిస్తున్నారు?" అన్నారు.

అందుకని నా డిమాండుని కాస్త సవరించుకుంటున్నాను. సీసా వద్దు. ఆ ఆఫీసులో మా అక్కని ఉన్నదున్నట్టుగా చూసి లోపలికి రమ్మన్నది ఆ మెషీను ఒక్కటే. దాన్ని తీసుకెళ్లి మేనేజరు కుర్చీలో పెట్టండి. మేనేజరుని గుమ్మం పక్కన గోడకి తగిలించండి!