దుప్పటి కింద సైకిలు

ఆ ఉదయం జకర్యా వేసుకున్న పథకం చిన్నదే. డయాలిసిస్ మంచం మీద పడుకుని, భార్య మార్తకు తెలియకుండా కాసేపు సైకిలు తొక్కడం. నెలాఖరుకు మనవరాలు దేవకృప పెళ్లి. తండ్రి లేని పిల్ల. చెయ్యి పట్టుకుని చర్చిలోకి నడిపించాల్సింది తాతే. కిడ్నీలు పోయాక కాళ్లూ మొండికేశాయి. రక్తం శుద్ధి అవుతుండగానే పెడల్ తొక్కితే బలం వస్తుందని డాక్టరు చెప్పాడు. మార్త మాత్రం "సూదులు ఊడితే ఎవరు జవాబుదారు? సప్పుడు జేయకుండ పండు. పెళ్లికి చక్రాల కుర్చీ మాట్లాడిన" అని తేల్చేసింది. ఆ కుర్చీ మాట వింటేనే ఆయనకు ఒళ్లు మండేది.

మార్త పెళ్లి సామాన్లకని మోండా మార్కెట్‌కు వెళ్లగానే, టెక్నీషియన్ రాములు మంచం చివర పెడళ్ల యంత్రం పెట్టి, ఆయన పాదాలు దానికి బిగించి, పైన దుప్పటి కప్పాడు. "పెద్దాయనా, మోటరు ఆన్ చేసిన. మీరు దాంతోటి కాలు కలుపుర్రి. నేను గిప్పుడే చాయ్ తాగొస్తా" అన్నాడు. స్విచ్చి ఆయన చేతికందకుండా కాళ్ల దగ్గర ఉండిపోయింది.

అంతలో ఎదురుగా మేబెల్! చర్చి స్త్రీల సమాజం కార్యదర్శి, రోగుల పరామర్శకు వచ్చింది. ఆమె కంటపడ్డది సాయంత్రంలోగా మార్తకు చేరాల్సిందే. జకర్యా కళ్లు గట్టిగా మూసుకుని నిద్ర నటించాడు. కళ్లు మాట విన్నాయి గానీ కాళ్లు వినలేదు. దుప్పటి ఎగిరెగిరి పడుతూనే ఉంది.

"అయ్యో దేవా! కాళ్లు కొట్టుకుంటున్నయి!" అంటూ మేబెల్ వరండాలోకి పరుగెత్తి ఫోనందుకుంది. ఆమె పాస్టరు గారికి "సీరియస్" అని చెప్పింది. ఆయన పాటల బృందం పెద్ద పేతురుకు "ఇక ఆశ లేదు" అని చెప్పాడు. వార్త తిరుమలగిరిలోని చర్చి వాళ్లందరికీ చేరేసరికి జకర్యా పోనే పోయాడు.

అరగంటలో మంచం చుట్టూ జనం. నర్సు అరుపులు ఎవరికీ వినపడలేదు. పాస్టరు గారు చివరి ప్రార్థనకని నూనె సీసాతో వచ్చాడు. పేతురు ఏకంగా పూల శిలువే తెచ్చాడు.

"బొల్లారం సమాధుల తోటల జాగ సుత ఫోన్ల మాట్లాడిన. పరేషాన్ కావద్దు" అని మేబెల్‌ను ఓదార్చాడు.

జకర్యా ఒక కన్ను తెరిచాడు. "నీడున్న కాడనేనా?"

పూల శిలువ కిందపడింది.

సరిగ్గా అప్పుడే, మార్కెట్‌లో కబురందిన మార్త గుంపును తోసుకుంటూ వచ్చి, భోరున ఏడుస్తూ ఆయన కాళ్ల మీద పడి దుప్పటి లాగింది. పెడళ్లు తిరుగుతున్నాయి.

"ఏందిది?"

"కృపను కుర్చీల కూసోని ఎట్ల నడిపియ్యాలె, మార్తా? ఒక్కపారి నడుస్తా. తర్వాత నువ్వు పండమన్నట్టే పండుకుంట."

మార్తకు కోపం రావలసిన చోట దుఃఖం వచ్చింది. దారి పొడుగునా మొగుడు పోయాడనే ఏడ్చుకుంటూ వచ్చిన మనిషి. కదులుతున్న ఆ కాళ్లను చూస్తే ప్రాణం లేచొచ్చింది. ముక్కు చీది, స్టూలు లాక్కుని కూర్చుంది. తిరిగొచ్చిన రాములు కంగారుగా స్విచ్చి వైపు చెయ్యి చాపితే, ఆ చేతి మీద ఒక్కటిచ్చింది.

"బందు జేస్తే చూడు! జెర తేజ్ పెట్టు."

ఆనాటి నుంచి జకర్యాకు చాటుగా తొక్కే సుఖం పోయింది. "కాసేపు ఆగనియ్యమ్మా" అని డాక్టరే బతిమాలుకోవాల్సి వచ్చేది.

పెళ్లినాడు జకర్యా కృప చెయ్యి పట్టుకుని చర్చి గుమ్మం నుంచి ముందుదాకా నడిచాడు. ఎక్కడా ఆగలేదు. మార్త కళ్లు తుడుచుకుంది. పిల్లను అప్పగించి ఆయన కుర్చీలో కూలబడబోతుంటే, "అప్పుడే కూసుంటవా?" అని గద్దించింది.

పక్కనే కూర్చోబోయిన పెళ్లికొడుకు కూడా చటుక్కున లేచి నిలబడ్డాడు.