బ్యాగు పట్టుకున్నాయన

ఆ ఉదయం నర్సమ్మ అనుకున్నది ఇంతే: టిఫిను తిని, నిన్నటి ఫొటో ఇంటికి పంపి, బస్సెక్కి కోట చూడాలి. రోజుకో ఫొటో పంపడం తమ్ముడితో కుదుర్చుకున్న ఒప్పందం. అందులో ఆవిడ కనబడాలి. ఏ తేడా వచ్చినా మధ్యలోనే వెనక్కి రప్పిస్తానని ఇన్సూరెన్సు ఏజెంటైన ఆ తమ్ముడు విమానాశ్రయం దాకా వచ్చి మరీ హెచ్చరించాడు. ఉద్యోగమంతా ప్రసూతి వార్డులో నర్సుగా గడిపిన ఆవిడకి పరాయి దేశం చూడటం ఇదే మొదలు. భర్త "వచ్చే ఏడు చూద్దాం" అంటూ అంటూనే కన్నుమూశాడు.

టూరు గైడుకి ఒక పద్ధతి ఉంది. ఎక్కడ ఆగినా జనాన్ని సీట్ల వరసలో నిలబెట్టి, ఒకే చోట ఒక్కొక్కరికీ ఫొటో తీస్తాడు. ముందువాళ్ల సామాను వెనకవాళ్లు పట్టుకోవాలి. నర్సమ్మ వెనక సీటు రిటైరైన పోస్టుమాస్టరుది. ఆయన ఆవిడ హ్యాండుబ్యాగును రిజిస్టరు పార్సిలంత భద్రంగా రెండు చేతులా పట్టుకుని పక్కన నిలబడేవాడు. చేతులు రెండూ ఖాళీగా ఉండటం ఎంత హాయో ఆవిడకి ఆ కాసేపట్లోనే తెలిసింది. బ్యాగు తీసుకుంటూ "థాంక్సండీ" అనేది. ఆయన తలూపేవాడు. వాళ్ల పరిచయం అంతటితో సరి.

ఫొటోల అంచున ఆయన పడుతున్న సంగతి ఆవిడ చూసుకోలేదు. తమ్ముడు చూశాడు. వంతెన దగ్గర, గడియారం స్తంభం దగ్గర, సరస్సు దగ్గర అదే మనిషి, అదే బ్యాగు. ఆ ఉదయం వచ్చిన ఫొటోను పెద్దది చేసి భార్యకి చూపించాడు. మరదలు కళ్లజోడు తుడుచుకుని చూసి, "అన్నేళ్లు కాపురం చేసి మీ బావగారే ఏనాడూ ఆ బ్యాగు ముట్టుకోలేదు కదండీ," అంది. ఆ మాట చాలింది. తమ్ముడు వెంటనే ఫోను చేశాడు.

"ఎవరక్కా ఆయన?"

"ఎవర్రా?"

"నీ బ్యాగు పట్టుకున్నాయన."

"బ్యాగు పట్టుకున్నాయన."

"పేరు?"

"అడగలేదు."

"పేరు కూడా తెలియని మనిషికి బ్యాగు ఇచ్చేస్తావా?"

"పేరు తెలిసినవాళ్లెవరూ పట్టుకోలేదుగా."

రేపటి ఫొటోలో ఆయన కనిపిస్తే తిరుగు టికెట్టు కొనేస్తానన్నాడు తమ్ముడు. మొండి డాక్టర్లతో వాదించాల్సి వచ్చినప్పుడు వార్డులో ఏం చేసేదో ఆవిడ ఇప్పుడూ అదే చేసింది. సరేననలేదు, కాదనలేదు. ఫోను పెట్టేసి కోట చూడటానికి వెళ్లింది.

కోట దగ్గర తీసిన ఫొటోలో ఆయన నిజంగానే లేడు. తమ వంతు వచ్చేసరికి వెలుతురు పోతోందని చివరి సీట్లవాళ్లు గొడవ పెట్టుకుంటే గైడు వరస తిరగేశాడు. ఇప్పుడు పోస్టుమాస్టరు ముందు, నర్సమ్మ వెనక. ఆయన ఫొటో అంచున ఆయన చేతికర్ర, టోపీ, స్వెట్టరు పట్టుకుని ఆవిడ నిలబడి ఉంది. ఆ ఫొటో ఆయన కూతురికి వెళ్లింది. కూతురు వకీలు.

టూరు కంపెనీ ఆఫీసుకి అటూ ఇటూ ఫోన్లు వచ్చిపడ్డాయి. మా అక్క బ్యాగుతోపాటు తిరుగుతున్నది ఎవరని, ఆయన ఫొటోలో కనబడకపోయేసరికి అనుమానం ఇంకా పెరిగిన తమ్ముడు, తన తండ్రి ఒంటిమీది స్వెట్టరు పరాయి ఆడమనిషి చేతికి ఎలా వెళ్లిందని వకీలు. గుమస్తాకి ఆకలిగా ఉంది. ఇద్దర్నీ ఒకే లైనులో కలిపి, మీలో మీరు తేల్చుకోమని భోజనానికి వెళ్లిపోయాడు.

అతను తిరిగొచ్చేసరికి వ్యవహారం రాజీకొచ్చేసింది. మొదట ఇద్దరూ నోటీసులు, పోలీసులు అని బెదిరించుకున్నారు. తర్వాత మాటల్లో పోస్టుమాస్టరుకి రోజూ ఇంజెక్షను కావాలనీ, ఆవిడకి ఇంజెక్షను చెయ్యడం వచ్చనీ బయటపడింది. అక్కణ్నుంచి వకీలు తమ్ముణ్ని "మావయ్యగారూ" అనడం మొదలుపెట్టింది.

"అక్కా, మేమంతా ఆలోచించాం," అన్నాడు తమ్ముడు ఆ సాయంత్రం. "మాకేం అభ్యంతరం లేదు. ఇద్దరూ వెంటనే బయల్దేరి వచ్చేస్తే రిజిస్ట్రారు ఆఫీసులో పని కానిచ్చేద్దాం."

"నేను ఊళ్లు చూడ్డానికొచ్చాన్రా, సంబంధం చూసుకోవడానిక్కాదు. చూసేదాకా రాను. టికెట్టు కొంటే కొనుక్కో, నువ్వే ఎక్కు."

ఫోను పెట్టేసి తలెత్తితే, హోటలు హాల్లో ఎదుటి సోఫాలో పోస్టుమాస్టరు కూడా ఫోను జేబులో పెట్టుకుంటున్నాడు.

"మా అమ్మాయి నన్ను మీకిచ్చేసిందటండీ," అన్నాడు. ఆయన గొంతు ఆవిడ వినడం అదే మొదటిసారి.

"మా తమ్ముడు తీసేసుకున్నాట్ట," అందావిడ. "మీరేమన్నారు?"

"ఇంకా సముద్రం చూడలేదన్నాను."

టూరు ముగిసిన రోజు, సముద్రం వైపు వెళ్లే ఇంకో బస్సులో ఇద్దరూ చెరో సీటు తీసుకున్నారు. పక్కపక్క సీట్లు కావు. ఇద్దరికీ కిటికీ కావాలి.

ఒప్పందం ప్రకారం ఇంటికి ఫొటో వెళ్లింది. ఇసుకలో నర్సమ్మ చేతులు రెండూ చాపుకుని నవ్వుతోంది. తమ్ముడు పెద్దది చేసి అంచులన్నీ వెతికాడు. మనిషి జాడ లేదు. వెనక బెంచీ మీద బ్యాగూ, దానికి ఆనించి ఒక చేతికర్రా మాత్రం ఉన్నాయి.

ఆ ఫొటో తీసిందెవరని అడగాలని అతనికి తట్టేసరికి అక్క ఫోను కట్టేసి ఉంది.