ముప్పయ్యో తారీఖు డిశ్చార్జ్

ఆ ఉదయం హవల్దారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి బ్యాంకులో పనిచేసే భార్య అన్నగారికి ఫోను చేసి సలహా అడగాలి. పదకొండింటికల్లా పెన్షను కాగితంలో ఒక టిక్కు పెట్టాలి. సాయంత్రం నాలుగు లోపల ఆ కాగితం జీతాల ఆఫీసులో ఇచ్చేయాలి.

టిక్కు పెట్టడానికి ఉన్న గడులు రెండే. మొదటి గడిలో పెడితే పెద్ద మొత్తం ఒకేసారి చేతికొస్తుంది, కాని బతికినన్నాళ్లూ సగం పెన్షనే. రెండో గడిలో పెడితే పెద్ద మొత్తం లేదు, బతికినన్నాళ్లూ పూర్తి పెన్షను. ఒకసారి ఇచ్చాక మార్చడానికి వీల్లేదని అడుగున లావుపాటి అక్షరాల్లో ఉంది. ఆ రెండు గడుల మధ్య ఆయన మూడు నెలలుగా నలిగిపోతున్నాడు.

నిజానికి ఆయన భయం గడుల గురించి కాదు. ఇరవై నాలుగేళ్లుగా ఎప్పుడు లేవాలో, ఎప్పుడు తినాలో, జుట్టు ఎంత పొట్టిగా ఉండాలో ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. బయట అలా చెప్పేవాళ్లెవరూ ఉండరట. కరెంటు బిల్లు దగ్గర్నుంచి అన్నీ తనే ఆలోచించుకోవాలట. అది తలుచుకున్నప్పుడల్లా కాగితాన్ని మళ్లీ మడిచి జేబులో పెట్టేసేవాడు.

ఇంకో భయం వంటింట్లో ఉంది. సర్వీసు రెండేళ్లు పొడిగిస్తారని భార్యతో గొప్పగా చెప్పేశాడు. ఆమె ఆ మాట నమ్ముకుని కూతురి చదువంతా గట్టెక్కినట్టే అనుకుంది. పొడిగించడం కుదరదని పోయిన వారమే తేలిపోయింది గాని, ఆ సంగతి ఆమెకింకా చెప్పలేదు. అందుకే ఫోను పట్టుకుని క్వార్టర్ల వెనక్కి, సైకిళ్ల షెడ్డులోకి వెళ్లాడు.

"బావా, ముప్పయ్యో తారీఖు డిశ్చార్జ్," అన్నాడు గొంతు తగ్గించి.

అవతల బ్యాంకు బావ కౌంటర్లో ఉన్నాడు. ఎదురుగా బారెడు వరస, పక్కన నోట్లు లెక్కపెట్టే యంత్రం గరగరమంటోంది. "ఎవరికి?" అని అరిచాడు.

"నాకే. మెడికల్ బోర్డు కూడా అయిపోయింది. ఇంకో రెండేళ్లు పొడిగించమని బతిమాలాను బావా. కుదరదన్నారు."

యంత్రం ఆగింది. బ్యాంకు బావకు ఊపిరి ఆగినంత పనయింది. పోయిన ఏడాది ఆయన పెద్దనాన్నను ఆసుపత్రివాళ్లు సరిగ్గా ఇలాగే పంపించారు. డిశ్చార్జ్ చేస్తున్నాం, ఇంటికి తీసుకెళ్లండి అన్నారు. తీసుకొచ్చిన నాలుగో రోజున పెద్దాయన పోయాడు.

"మా చెల్లాయికి చెప్పావా?"

"ఎలా చెప్పను? నువ్వూ చెప్పకు. తట్టుకోలేదు. ఇప్పుడు నా దిగులంతా డబ్బు గురించే బావా. ఒకేసారి తీసుకోమంటావా, నెలనెలా తీసుకోమంటావా?"

"ఇలాంటప్పుడు డబ్బేంటి బావా!" అని అవతలి గొంతు జీరబోయింది. ఫోను పెట్టేసిన చప్పుడు.

సలహా దొరకలేదు గాని, బావకు తన మీద ఇంత ప్రేముందని హవల్దారుకు అప్పుడే తెలిసింది. ఆ సంతోషంతో క్షౌరానికి వెళ్లాడు. చెప్పకు అన్న మాటను బ్యాంకు బావ పదకొండు నిమిషాలు నిలబెట్టుకున్నాడు.

హవల్దారు మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి భార్య గుమ్మంలో నిలబడి ఉంది. కళ్లు ఎర్రబడ్డాయి. "ఎండలో ఎందుకండీ తిరగడం? కూర్చోండి," అంది. ఇరవై ఏళ్ల కాపురంలో ఆవిడ అంత మెత్తగా మాట్లాడటం ఆయన వినలేదు. బూట్లతో ముందుగదిలోకి వచ్చినా పల్లెత్తు మాట అనలేదు. పొడిగింపు సంగతి తెలిసిపోయిందనీ, తిట్లు కూడబెట్టుకుంటోందనీ అనుకుని ఆయనే వెనక్కెళ్లి బూట్లు విప్పొచ్చాడు.

ఇంతలో పక్క క్వార్టరు డ్రైవరు భార్య వచ్చి, ఎనిమిది నెలల కిందట తీసుకెళ్లిన ఇస్త్రీ పెట్టె బల్ల మీద పెట్టింది.

"మనసులో ఏమీ పెట్టుకోకండి అన్నయ్యగారూ," అని కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

హవల్దారు ఇస్త్రీ పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు. అది తిరిగొస్తుందన్న ఆశ ఆయన ఎప్పుడో వదిలేసుకున్నాడు. ఏదో జరుగుతోంది. మంచినీళ్ల వంకతో వంటింటి దాకా వెళ్లాడు. లోపల భార్య ఫోనులో గుసగుసలాడుతోంది.

"ఆయనకు తెలియనివ్వకన్నయ్యా. పైకి అలా ఉంటారు గాని ఉత్త పిరికివాళ్లు. ముప్పయ్యో తారీఖు దాకానే అన్నారా? రెండేళ్లు కూడా లేవన్నారా డాక్టర్లు?"

హవల్దారు మంచినీళ్ల సంగతి మరిచిపోయాడు. గోడ పట్టుకుని వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. సైన్యం వదిలేవాళ్లకు చేసే మెడికల్ బోర్డు పరీక్ష రోజున డాక్టరు తనను ప్రతి ప్రశ్నా రెండుసార్లు అడిగాడు. తర్వాత "ఊఁ" అన్నాడు. కాగితం మీద ఒక పొడుగాటి వాక్యం రాసి, చూడబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ "ఊఁ"కి అర్థం ఇప్పుడు తెలిసింది. తనకు చెప్పకుండా ఇంట్లోవాళ్లకు చెప్పారన్నమాట! ఇవాళ ఇరవై ఆరు.

అంత భయంలోనూ ఒక్క విషయం మాత్రం తేలిపోయింది. నాలుగు రోజుల మనిషికి నెలనెలా వచ్చే పెన్షనెందుకు? కాగితం తీసి సంతకం పెట్టాడు. టిక్కు పెట్టబోతే చెయ్యి వణికి కలం గడి దాటిపోయేలా ఉంది. భార్యను పిలిచాడు.

"మొదటి గడిలో టిక్కు పెట్టి జీతాల ఆఫీసులో ఇచ్చేసి రా."

ఆవిడ కాగితం అటూ ఇటూ తిప్పింది. "ఈ రెండిటికీ తేడా ఏంటండీ?"

"తేడాలు నీకెందుకు? మొదటి గడి. ఆజ్ఞ అనుకో!"

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పరుగులాంటి నడకతో వెళ్లిపోయింది. హవల్దారు ఒంటరిగా కూర్చున్నాడు. పొద్దుటి దాకా ఏ బతుకంటే భయపడ్డాడో, ఆ బతుకు మీద ఇప్పుడు ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. కరెంటు బిల్లు వరసలో నిలబడాలనిపించింది. ఎవరూ లేపకుండా ఎనిమిదింటి దాకా పడుకోవాలనిపించింది. కూతురి చదువు పూర్తవడం చూడాలనిపించి ఏడుపొచ్చింది.

నాలుగున్నరకు వీధి తలుపు ధడేలున తెరుచుకుంది. ముందు మెడికల్ బోర్డు డాక్టరు, ఆయన వెనక సంచీడు పళ్లతో బ్యాంకు బావ, ఆ వెనక దారిలో వాళ్లకు కలిసిన భార్య.

"ఎవరయ్యా పోయేది?" అని డాక్టరు గద్దించాడు. "ఈయనెవరో వచ్చి నా చేతులు పట్టుకుని, రెండేళ్లు కాకపోతే రెండు నెలలైనా ఇప్పించమంటాడు! నేనేమన్నా దేవుణ్ణా?"

"డిశ్చార్జ్ అన్నావు కదా బావా!" అన్నాడు బ్యాంకు బావ.

"సైన్యం నుంచి బావా!"

"పొడిగించమన్నావు?"

"సర్వీసు బావా, సర్వీసు!"

పళ్ల సంచి బ్యాంకు బావ చేతిలోంచి జారిపోయింది. హవల్దారు డాక్టరు వైపు తిరిగాడు. "మరి ఆ రోజు ఊఁ అన్నారు? ఏదో రాసి దాచారు?"

"నీ చెవుల నిండా గుబిలి ఉందని రాశాను. సిగ్గుపడతావని దాచాను. అది తప్ప నీ ఒంట్లో నాకేమీ దొరకలేదు. ఎంత లేదన్నా ఎనభై ఐదు దాకా నీకు ఢోకా లేదు."

అందరూ హమ్మయ్య అనుకున్నారు. హవల్దారు మాత్రం అనుకోలేదు. వేళ్ల మీద లెక్కపెడుతున్నాడు. ఎనభై ఐదు అంటే ఇంకా నలభై ఏళ్లు. నలభై ఏళ్లూ సగం పెన్షను. ఆఫీసు మూసి అరగంటయింది.

"చంపేశారు డాక్టరుగారూ," అన్నాడు నీరసంగా. "మొదటి గడిలో టిక్కు పెట్టించేశాను."

"పెట్టలేదండీ," అంది భార్య.

అందరూ అటు చూశారు. ఆవిడ తల వంచుకుంది. "ఎక్కువ కాలం బతికేవాళ్లు ఏ గడిలో పెడతారు బాబూ అని క్లర్కునడిగాను. రెండోదన్నాడు. అందులోనే పెట్టి ఇచ్చేశాను. మీరు పోతారని నా చేత్తో ఎలా పెడతానండీ?"

హవల్దారు ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. గట్టిగా ఏడ్చేశాడు. ఆవిడ కూడా ఏడ్చి, మొహం తుడుచుకుని, తన మామూలు గొంతులోకి వచ్చేసింది.

"అది సరే, సర్వీసు పొడిగించలేదన్న ముక్క వారం రోజులుగా ఎక్కడ దాచారు?"

హవల్దారు ఆవిడ ఆజ్ఞ ధిక్కరణను అక్కడికక్కడే క్షమించేశాడు గాని, ఆయన మీద విచారణ మాత్రం ముప్పయ్యో తారీఖు దాటినా ముగియలేదు.